అరచేతిలో ఇంజను

ఆగస్టు 9

అన్నయ్యకి,

నీ ఓడ ఏ రేవులో ఉందో, ఈ ఉత్తరం నీ చేతికి ఎప్పుడొస్తుందో తెలియదు. ఎప్పట్లాగే కంపెనీ ఆఫీసుకి వేస్తున్నాను. ఇక్కడ మేమిద్దరం కులాసా. బేకరీలో కొత్త కరెంటు పొయ్యి పెట్టారు. దానికి గాజు తలుపు ఉందట. రొట్టె పొంగడం ఇన్నేళ్లకి కళ్లారా చూశానని మీ బావ ఇంటికొచ్చి ఒకటే చెప్పడం. పెళ్లినాడు నా ముఖం చూసి కూడా మనిషి అంత మురిసిపోలేదు.

నేను పళ్ల ల్యాబులో పని మానేశాను. కళ్లు లాగుతున్నాయి. ఈ ఊళ్లో సగం మంది నేను చేసిన పళ్లతోనే నవ్వుతున్నారు, మిగతా సగాన్ని ఇంకెవరికైనా వదిలేద్దామనుకున్నాను. వచ్చేసేటప్పుడు డాక్టరుగారు పాత సానమోటారు, పాడైపోయిన డ్రిల్లులు, గులాబీరంగు మైనం పెట్టె నాకే ఇచ్చేశారు.

ఇక అసలు సంగతి. మోటారు బెల్టు కోసం మిషన్ల రిపేరు షాపుకి వెళ్లాను. ఆ షాపతను టీ తెప్పించుకుని, తాగకుండా గ్లాసు మీద అరచెయ్యంత రేకు డబ్బా పెట్టాడు. డబ్బా మీద బొమ్మ సైకిలుకి ఉండేలాంటి చిన్న చక్రం. వేలితో ఒక్కసారి కదిపి చెయ్యి తీసేశాడు. అన్నయ్యా, అది తిరగడం మొదలుపెట్టింది! వైరు లేదు, బ్యాటరీ లేదు, మంట లేదు, పొగ లేదు. కింద వేడి టీ, అంతే.

“లోపల ఏముంది బాబూ?” అన్నాను.

“ఏమీ లేదమ్మా. గాలి” అన్నాడు.

టీ చల్లారేదాకా అక్కడే నిలబడిపోయాను. బెల్టు కొనడం మరిచిపోయి ఇంటికొచ్చాను.

నేనూ ఒకటి చేస్తాను. నవ్వకు. వెనక గది ఖాళీ చేశాను. నీ మంచం తీసేసి బల్ల వేశాను, నీ పెట్టె అటకెక్కించాను. కిటికీ పక్కన వెలుతురు దివ్యంగా ఉంది. ఇంజన్ల మనిషివి, నాకు రెండు ముక్కలు చెప్పు.

నీ చెల్లి


సెప్టెంబరు 2

నా గిలక్కాయకి,

నీ ఉత్తరం చదువుతుంటే పక్కన కూర్చుని గలగలా వాగుతున్నట్టే ఉంది. ఊరికే పెట్టానా ఆ పేరు!

నవ్వొద్దన్నావు కాబట్టి నవ్వాను. నా ఇంజను మూడంతస్తుల ఎత్తు. ఒక్కో పిస్టన్ మీద ఇద్దరం నిలబడొచ్చు. దాని పక్కన బతికేవాణ్ణి పట్టుకుని టీ గ్లాసు మీద తిరిగే బొమ్మకి సలహా అడుగుతావా? మావటివాణ్ణి పిలిచి చీమకి అంకుశం ఎక్కడ పొడవాలో అడిగినట్టుంది.

అయినా చెబుతాను, విను. గాలి వేడెక్కితే ఉబ్బుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. ఉబ్బినప్పుడు పిస్టన్‌ని తోస్తుంది, ముడుచుకున్నప్పుడు లాక్కుంటుంది. నీ డబ్బాలో ఒక వదులు బిళ్ల ఉండాలి. అది పైకి లేస్తే గాలి పక్కల నుంచి జారి కిందికి, వేడి దగ్గరికి పోతుంది. అది కిందికి దిగితే గాలి పైకి, చల్లదనం దగ్గరికి పోతుంది. బిళ్ల ముందు కదలాలి, పిస్టన్ దాని వెనక పావు చుట్టు ఆలస్యంగా రావాలి. రెండూ ఒక్కసారే కదిలాయో, ఇంజను కదలదు.

గాలి ఎక్కడా కారకూడదు. కదిలేది ఎక్కడా పట్టేయకూడదు. బిగిస్తే పట్టేస్తుంది, వదిలితే కారుతుంది. ఈ రెండూ ఒకే ఇంట్లో సవతులు. చిన్నదైనా పెద్దదైనా ఇంజన్ల విద్యంతా ఆ సవతుల్ని వేగించుకురావడమే.

నూనె మాత్రం మరిచిపోకు. కదిలే ప్రతిచోటా నూనె పడాలి.

నేను బాగానే ఉన్నాను. ఇంజను గదిలో ఎలాగూ సైగలే, మాటలుండవు. ఈమధ్య పైకొచ్చినా ఎవరితోనూ మాట్లాడబుద్ధి కావడం లేదు. వయసు కాబోలు. నా మంచం తీసేశావన్నమాట. మంచిదే, బల్లకి వెలుతురు కావాలి మరి.

అన్నయ్య


సెప్టెంబరు 24

అన్నయ్యకి,

నీ సలహా చల్లగుండ, నా కొంప ముంచావు!

మొదటి నుంచీ చెబుతాను. కింద ఒక అల్యూమినియం పళ్లెం, పైన ఒకటి. మధ్యలో గోడకి ప్లాస్టిక్ డబ్బాలోంచి ఒక కట్టు కోశాను. అతుకులకి దంతాల అచ్చు తీసే ముద్ద పూశాను. ఎంతెంత వాగుడుకాయల నోళ్లు మూయించిన ముద్ద అది, గాలి ఒక లెక్కా! లోపలి వదులు బిళ్ల థర్మాకోల్‌ది. పిస్టన్‌కి డాక్టరుగారి పాత గాజు సిరంజి దొరికింది. పళ్లు కోసే వజ్రపు బిళ్లతో దాన్ని పొట్టిగా కోశాను. నిలువుగా పట్టుకుంటే లోపలి గాజు తన బరువుకి తనే మెల్లిగా దిగుతుంది, కింద వేలు అడ్డం పెడితే ఆగిపోతుంది. అంత పొందిక. ఇక బేరింగులు డ్రిల్లుల్లోంచి తీశాను. బఠాణీ గింజంత ఉంటాయి. ఊదితే తిరుగుతాయి, తిరిగితే ఆగడం మరిచిపోతాయి.

అన్నీ బిగించి, పెద్దవాడివి చెప్పావు కదా అని నూనె వేశాను. అంతే, పిస్టన్ బెల్లప్పాకంలో పడ్డ ఈగలా కూర్చుంది. కింద టీ మీద టీ మారుస్తున్నాను, కదలదు. చల్లారిన ఆ టీలన్నీ తాగలేక మీ బావ, “ఇంజను సంగతేమో గానీ నా తల తిరుగుతోంది” అన్నారు. పొడిగా ఉన్నప్పుడు జారింది తడిస్తే ఎందుకు జారదని ఒక పూటంతా చూస్తూ కూర్చుంటే తెలిసింది. నీ ఇంజనుకి నూనె నీళ్లతో సమానం. నా ఇంజనుకి అదే ఊబి. స్పిరిటుతో కడిగి ఆరబెట్టాను. మూడంతస్తులవాళ్ల మాట ఇక వినను.

ఇప్పుడు రెండు చుట్లు తిరిగి ఆగుతోంది. ఆగే ముందు లోపల ఎక్కడో ‘టిక్’ మంటోంది. ఇనపకడ్డీ ఒక కొన ఇంజనుకి ఆనించి, ఇంకో కొన చెవి దగ్గర పెట్టుకుని, ఏ బేరింగుకి ఏ రోగమో చెప్పేస్తావని నీతో పనిచేసినవాళ్లు చెప్పుకుంటారుగా. రేవులో దిగగానే ఫోను చెయ్యి. ఫోను ఇంజను పక్కన పెడతాను. విని చెబుదువుగాని.

చెల్లి


అక్టోబరు 16

గిలక్కాయకి,

ఓడ దిగేశాను. రేవు దగ్గర నావికుల వసతి గృహంలో ఉంటున్నాను. ఇకమీదట పైన రాసిన చిరునామాకి రాయి.

నీ టిక్కు సంగతి నాకు తెలియదు. చిన్నవాటి సంగతి తెలియకుండా నూనె అని చెప్పి నీ పని పాడుచేశాను. ఇక నన్ను అడక్కు. ఫోను చెయ్యొద్దు. ఫోను కింద వార్డెను గదిలో ఉంటుంది, నాకు కుదరదు.

బావని అడిగానని చెప్పు.

అన్నయ్య


అక్టోబరు 30

అన్నయ్యకి,

వద్దన్నా నిన్న ఫోను చేశాను. వార్డెను పైకి వెళ్లొచ్చి, “రానంటున్నారమ్మా. కాగితం మీద మీ పేరు రాసి చూపించినా చెయ్యి ఊపేశారు” అన్నాడు. అంత కానిదాన్నయ్యానా? నూనె గురించి వేళాకోళానికి రాశాను. నువ్వు నన్ను ఏడిపించినదానిలో అది వీసమెత్తు కూడా కాదు. ఓడ దిగినవాడివి ఇంటికి రాకుండా ఆ రేవులో ఏం చేస్తున్నావు? నేను పేజీలు పేజీలు రాయడం, నువ్వు రెండు ముక్కలు విదిలించడం. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకు.

నిన్న ఫోను ఎందుకు చేశానో ఆ కోపంలోనే చెబుతాను. చెప్పకపోతే నాకు ఊపిరాడేలా లేదు.

తిరిగింది అన్నయ్యా.

ఆ టిక్కు ఏమిటో నాకే దొరికింది. బిళ్ల పైకి లేచినప్పుడు మూతకి తగులుతోంది. దాన్ని పట్టుకున్న తీగని వెంట్రుకవాసి వంచాను. ఉడుకునీళ్ల గ్లాసు మీద పెట్టి, వేడి లోపలికి పాకేదాకా కూర్చున్నాను. తర్వాత చక్రాన్ని వేలితో ఇలా అన్నాను. ఒక చుట్టు తిరిగింది. ఇంకొకటి. రోజూ ఆగే చోటుకి వచ్చింది. ఆగుతుందని నాకు తెలుసు. ఆగలేదు. లోపలి నుంచి ఎవరో మెల్లిగా భుజం పట్టి తోసినట్టు ఆ చోటు దాటేసింది. నేను తోయలేదు. నా చేతులు రెండూ నా ఒళ్లోనే ఉన్నాయి.

చప్పుడు కూడా లేదు. తిరుగుతూ తిరుగుతూ వేగం అందుకుంది. చక్రం ఆకులు కనపడకుండా పోయి, వాటి వెనక కిటికీ కనపడింది.

ఇన్నేళ్లూ నేను చేసినవన్నీ ఎవరి నోట్లోనో పెడితేగాని కదలని వస్తువులు. ఇది నాతో పని లేకుండా నా ఎదురుగా కదులుతోంది. దాని లోపల ఉన్నది ఈ గదిలో గాలే, నేను పీల్చి వదిలిన గాలే. ఇన్నాళ్లూ నా చుట్టూ ఇంత బలం ఊరికే పడి ఉందా? గాలి అంటే ఏమీ లేకపోవడం అనుకున్నాను. గ్లాసు ఖాళీగా ఉంది అంటాం, గది ఖాళీగా ఉంది అంటాం. ఆ మాట ఇక అనలేను.

మీ బావ పని నుంచి వచ్చి గుమ్మంలో ఆగిపోయారు. ఏదో ఒక జోకు వేస్తారని చూశాను. వెయ్యలేదు. తలమీది బేకరీ టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. నీళ్లు చల్లారేదాకా ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం.

ఆగగానే ఫోను దగ్గరికి పరిగెత్తాను. ఇంకెవరికి చెప్పుకోను? నువ్వు రాలేదు.

చెల్లి


నవంబరు 11

గిలక్కాయకి,

శంఖం మాట నిజమే. నాకు వినపడదు.

నువ్వు తెలియక రాశావు, కుమిలిపోకు. ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడిది మెల్లమెల్లగా పోయింది. కడ్డీ చెవి దగ్గర పెట్టుకుంటే వినపడక పళ్ల మధ్య పెట్టుకోవడం మొదలుపెట్టాను. ఎముకలోంచి తలలోకి కొంత వచ్చేది. తర్వాత అదీ సన్నగిల్లింది. ఇంజను దగ్గర ఎవరికీ అనుమానం రాలేదు. అక్కడ చెవులున్నవాళ్లూ సైగలే కదా చేస్తారు.

ఒకరోజు గొలుసుకి వేలాడదీసిన ఇనుము నా వెనక నుంచి వస్తుంటే కుర్రాళ్లు అరిచారట. నా సహాయకుడు చొక్కా పట్టి లాగాడు కాబట్టి ఉన్నాను. నా గురించి భయం వెయ్యలేదు గానీ, ఇంజను బాగానే ఉందని నేను చెబితే నమ్మి నిద్రపోయేవాళ్లు ఎందరున్నారో గుర్తొచ్చింది. ఆ సాయంత్రమే చీఫ్ ఇంజనీరు దగ్గరికి వెళ్లి, “నాకిక వినపడదు సార్, నన్ను దింపెయ్యండి” అన్నాను. ఆయన చాలాసేపు ఏదో మాట్లాడాడు. మంచి మాటలే అయ్యుంటాయి, ముఖం అలా ఉంది.

ఓడ వెళ్లిపోయేటప్పుడు గట్టు మీద నిలబడ్డాను. నాకోసం హారన్ మోగించారు. మోగించారని ఎలా తెలిసిందంటే, గట్టు మీది పక్షులన్నీ ఒక్కసారి లేచిపోయాయి.

ఇంటికి ఎందుకు రాలేదంటావా? వెనక గది ఇప్పుడు నీ పనిగది. నా మంచం లేదు. తప్పు అనడం లేదు. పని లేని చెవిటివాడు ఎక్కడ కూర్చున్నా పనిచేసేవాళ్లకి అడ్డమే. ఇంకొకటి కూడా ఉంది. నువ్వు వాగుతుంటే నేను గోడకేసి చూసినట్టు చూస్తూ కూర్చోవాలి. అది నావల్ల కాదు. ఉత్తరంలో అయితే నువ్వు వినపడతావు.

నీ ఇంజను తిరిగిందని చదివి ఉత్తరం పట్టుకుని రేవు దాకా నడిచాను. ఆ ముక్క మళ్లీ మళ్లీ చదివాను. చప్పుడు లేదన్నావు. అంటే, దాని ముందు నువ్వూ నేనూ ఒకటే.

అన్నయ్య


నవంబరు 18

అన్నయ్యకి,

నీ ఉత్తరం సగం నేను చదివాను. మిగతా సగం మీ బావ చదివి వినిపించారు, నాకు అక్షరాలు కనపడక. ఆ సామెత రాసిన చేతిని ఏం చెయ్యను? ఈ చెయ్యితో పని ఉంది కాబట్టి క్షమించి వదిలేస్తున్నాను.

ఏమిటన్నావు, మంచం లేదా? మంచం ముందు గదిలో, వీధివైపు కిటికీ పక్కన వేశాను, కొత్త పరుపుతో సహా. వెనక గదిలో గాలాడదని వచ్చినప్పుడల్లా సణిగేవాడివి కాదూ! పెట్టె అటకెక్కించింది చెదలకి భయపడి. ఇదంతా రాయడం మరిచిపోయి బల్ల గురించీ వెలుతురు గురించీ రాశాను. నువ్వేమో రాయనిదంతా చదివేశావు. మనిద్దరిలో ఎవరు చెవిటివాళ్లో నాకు తెలియడం లేదు.

నా వాగుడు వినలేనని కదూ బెంగ? చెవులు నిక్షేపంగా ఉన్నప్పుడు మాత్రం ఏనాడు విన్నావు గనక!

రమ్మని బతిమాలను. బతిమాలితే నువ్వు ఇంకా బిగుస్తావు. ఇంకో ఇంజను మొదలుపెట్టాను. దీనికి వేడి టీ కూడా అక్కర్లేదు, మనిషి అరచేతి వేడి చాలాలి. అలాంటివి చేసినవాళ్లు ఉన్నారట. అంత కొంచెం వేడితో తిరగాలంటే ప్రతి గ్రామూ బరువే, ప్రతి గీతా రాపిడే. చక్రాన్ని పల్చటి రేకులోంచి కోసి, అంచూ ఆకులూ తప్ప మిగతాదంతా తీసేశాను. బిళ్లని కాగితమంత తేలిక చెయ్యాలి. మొదటిది వంగిపోయింది, రెండోది గోడకి రాసుకుంది. పళ్లు చేసినన్నాళ్లూ ఇంత సన్నపని చెయ్యలేదు. అది తిరిగేదాకా నీకు ఉత్తరం ఉండదు.

చెల్లి


జనవరి 6

అన్నయ్యకి,

పార్సిలు జాగ్రత్తగా విప్పు. రొట్టెల పెట్టెలో దూది కుక్కి మీ బావే కట్టారు. పొద్దున్నే, గది చల్లగా ఉన్నప్పుడు అరచేతిలో పెట్టుకో. తొందరపడకు. వేడి ఎక్కాక చక్రాన్ని వేలితో అను. దాని మీదికి ఊపిరి వదలకు, పై పళ్లెం చల్లగా ఉండాలి.

రొట్టెలు చేసే చెయ్యి కాబట్టి మీ బావ చేతిలో చక్కగా తిరుగుతోంది. నా చేతిలో కాస్త బద్ధకిస్తోంది. నీ చేతిలో ఏం చేస్తుందో నాకు తెలియదు. కానీ పనితనానికి వంక పెట్టడానికి లేదు, ముందే చెబుతున్నాను.

చెల్లి


జనవరి 15

గిలక్కాయకి,

పెట్టె నిన్న పొద్దున వచ్చింది. భోజనాల హాల్లో బల్ల మీద పెట్టి విప్పాను. వంటమనిషి, వార్డెను, ఓడల కోసం ఎదురుచూస్తున్న నలుగురైదుగురు చుట్టూ మూగారు. బయట మంచు ఉంది, హాలు చల్లగానే ఉంది.

అరచేతిలో పెట్టుకున్నాను. చక్రం కదిపాను. ఒక చుట్టు తిరిగి ఆగింది. మళ్లీ కదిపాను, మళ్లీ ఆగింది. నా చెయ్యి సంగతి నీకు తెలుసుగా, తోలు చెప్పు అడుగులాంటిది. దానిలోంచి వేడి బయటికి రావడానికే టైము పడుతుంది. వంటమనిషి పెదవి విరిచి లోపలికి వెళ్లబోయాడు. కూర్చోమని సైగ చేశాను. ఇంకాసేపు ఆగి వేలితో అన్నాను.

గిలక్కాయా, ఇది నీకు ఎలా రాయాలో తెలియడం లేదు.

చక్రం తిరిగింది. ఆగలేదు. చుట్టూ ఉన్న నోళ్లన్నీ తెరుచుకున్నాయి గానీ ఒక్క పెదవీ కదలలేదు. నాకు తెలిసిన ఇంజన్లన్నిటికీ నూనె తోడాను, మసి తుడిచాను, నిప్పు కాచాను. టన్నులకొద్దీ తిండి పెడితేగాని అవి కదిలేవి కావు. ఇది నా ఒంట్లో వేడి తిని తిరుగుతోంది. పొద్దున తిన్న రొట్టె ముక్కే దానికి ఇంధనం. నేనే దాని పొయ్యిని. బతికి ఉన్నందుకు ఒంట్లో ఊరికే ఉండే వేడి, ఎందుకూ పనికిరాదని ఎప్పుడూ తలుచుకోనైనా తలుచుకోని వేడి, ఒక చక్రాన్ని తిప్పుతోంది.

తర్వాత కళ్లు మూసుకున్నాను. ఎందుకు మూసుకున్నానో తెలియదు. అప్పుడు తెలిసింది, అది నా చేతిలో కొట్టుకుంటోంది. పిట్టని పట్టుకుంటే ఎలా ఉంటుందో అంత మెత్తగా. బిళ్ల లేవడం, దిగడం, పావు చుట్టు వెనకగా పిస్టన్ రావడం, అన్నీ విడివిడిగా తెలుస్తున్నాయి. నా ఓడలో ఇంజను నాతో మాట్లాడటం మానేసిన దగ్గర్నుంచీ ఏ ఇంజనూ నాతో మాట్లాడలేదు. కళ్లు తెరిచేసరికి అందరూ చక్రాన్ని వదిలేసి నా ముఖం చూస్తున్నారు. వార్డెను తన రుమాలు నాకిచ్చాడు.

తర్వాత అందరూ తలో చెయ్యీ పట్టారు. ఒక్క వంటమనిషి చేతిలో తిరగలేదు. చన్నీళ్లలో చేపలు కడిగి వచ్చాడు మరి. పాపం, చేతులు చంకల్లో పెట్టుకుని వెచ్చచేసుకుని, మళ్లీ వరసలో నిలబడ్డాడు. వాడి చేతిలోనూ తిరిగింది. చిన్నపిల్లాడిలా గెంతాడు.

ఇక పనితనం మాట. వంక పెట్టడానికి లేదన్నావు. ఉంది. చుట్టుకొకసారి, పిస్టన్ పైకెక్కే ముందు, చిన్న తడబాటు. కంటికి కనపడదు, నీ చెవికీ వినపడదు. చక్రం ఒక పక్క బియ్యపుగింజంత బరువెక్కువ. ఎక్కడో నాకు తెలుసు. నీ చేతిలో బద్ధకిస్తోంది అందుకే, నీ చెయ్యి చల్లనిదై కాదు. అది సరిచేస్తే చలికాలమే అక్కర్లేదు, ఎండాకాలంలోనూ పొద్దున పూట తిరుగుతుంది. సన్న ఆకురాయి తీసి ఉంచు. నువ్వు ముట్టుకోకు, ఎక్కువ గీకేస్తావు.

శనివారం పొద్దుటి రైలుకి వస్తున్నాను. ఇంజనుని పెట్టెలో పెట్టను, ఒళ్లో పెట్టుకుని తెస్తాను. బావని నిద్ర మానుకుని స్టేషనుకి రావద్దను, రాత్రంతా పని చేసిన మనిషి. నువ్వు రా. నేను కనపడగానే వెనక నుంచి పిలవకు. ఎదురుగా వచ్చి నిలబడు.

అన్నయ్య